బెజవాడ హెచ్‌పీసీ సదస్సు: రెండో రోజు మాత్రం మిస్ కాకండి

ముందే చెప్పేస్తున్నా, ఈ సదస్సు మళ్లీ పెడితే మళ్లీ వెళ్తాను. కారణం వేదిక మీద జరిగింది కాదు, రెండో రోజు ల్యాప్‌టాప్‌ల ముందు జరిగింది.

నేను గుంటూరులో సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. నా పని వరద మోడలింగ్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక మా పిల్లలు ప్రాజెక్టు అనగానే నీళ్లు ఎటు పారతాయన్న లెక్కలే ఎంచుకుంటున్నారు. ఆ లెక్కలు మా ల్యాబ్ కంప్యూటర్ మీద రాత్రంతా నడిచినా ఒక్కోసారి తెల్లారేసరికి పూర్తి కావు. అందుకే బందర్ రోడ్డులో ఒక హోటల్లో హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ (హెచ్‌పీసీ), అంటే చాలా ప్రాసెసర్లను కలిపి పెద్ద లెక్కలను వేగంగా చేయించడం మీద రెండు రోజుల సదస్సు అనగానే ఇద్దరు ఎంటెక్ విద్యార్థులను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

మొదటి రోజు ఉదయం జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, అతిథుల పరిచయాలు. పదింటికి మొదలు కావాల్సిన మొదటి ప్రసంగం పదకొండున్నర దాటాక మొదలైంది. ఆలస్యమైన సమయమంతా ఆ వక్తకే కోత పెట్టారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. ఎందుకంటే ఆయనదే ఆ రోజుకు అసలు ప్రసంగం.

వాతావరణ మోడల్ నేలను గడులుగా విడదీసి లెక్కిస్తుంది. ఆ గడి సైజును 12 కిలోమీటర్ల నుంచి 6కు తగ్గిస్తే ఏమవుతుందో ఆయన బోర్డు మీద గీసి చూపించారు. గడుల సంఖ్య రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గడి చిన్నదైంది కాబట్టి టైమ్ స్టెప్, అంటే ఒక్కో లెక్కకు ముందుకు జరిగే కాలం కూడా సగం చేయాలి. మొత్తం లెక్క ఎనిమిదింతలు! 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ సరిగ్గా ఆ 6 కిలోమీటర్ల మోడలే. దాన్ని నడిపేది పుణెలోని అర్క, 11.77 పెటాఫ్లాప్స్ యంత్రం (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలు). దానికి ముందున్న ప్రత్యూష్‌ది 4 పెటాఫ్లాప్స్. ఇన్ని కోట్లు పెట్టి అంత పెద్ద మెషీన్ ఎందుకని అడిగేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు. అయినా 6 కిలోమీటర్ల గడి అంటే సింగ్‌నగర్ మొత్తం అందులో ఒక మూలకు సరిపోతుంది. వాన ఎంతో అది చెబుతుంది. ఏ వీధిలో ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయో తేల్చే మోడల్ మనమే కట్టుకోవాలి.

మధ్యాహ్నం కొత్త పోకడల మీద చర్చ. వేదిక మీద మరీ ఎక్కువ మంది కూర్చోవడంతో ఎవరికీ పట్టుమని పది నిమిషాలు దక్కలేదు. అయినా ఒక విషయం బాగా నాటుకుంది. ఏఐ కోసం చిప్‌లన్నీ 16 బిట్లు, 8 బిట్ల లెక్కల వైపు పరుగెడుతున్నాయి. బిట్లు తగ్గేకొద్దీ అంకెల కచ్చితత్వం తగ్గుతుంది. మా వరద మోడల్లో నీటి మట్టం తేడాలు చాలా చిన్నవి. అంకెలను కుదించడం వల్ల వచ్చే చిన్న చిన్న తప్పులు లక్షల స్టెప్పుల్లో పోగుపడతాయి. మాకు 64 బిట్లు కావాలి. రేపటి చిప్‌లలో మాలాంటి వాళ్లకు చోటు ఎంత అని అడిగాను, జవాబు వచ్చేలోపే టీ బ్రేక్ ఇచ్చేశారు.

ఇక రెండో రోజు. దూరంగా ఉన్న క్లస్టర్‌లోకి (కలిపి పనిచేసే కంప్యూటర్ల గుంపులోకి) లాగిన్ అయ్యి, పనులను వరుసలో పెట్టే స్లర్మ్‌లో జాబ్ పెట్టి, క్యూలో పీడీ (వేచి ఉంది) అని ఉన్నది ఆర్ (నడుస్తోంది)గా మారేదాకా చూడటం మా పిల్లలకు అదే మొదటిసారి. ఒక ఇనుప పలక మీద వేడి పాకే లెక్కను ముందు ఒక్క కోర్‌తో (ప్రాసెసర్‌లో లెక్క చేసే ఒక్కో భాగం), తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు కోర్‌లతో నడిపించారు. నాలుగు దాకా టైమ్ చక్కగా తగ్గుతూ వచ్చింది. ఎనిమిదికి పెద్దగా తగ్గలేదు, పదహారుకు దాదాపు అక్కడే ఆగిపోయింది. మా విద్యార్థిని కంగారుపడి కోడ్ తప్పేమో అంది. ట్రైనర్ పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పారు: "కోడ్ తప్పు కాదమ్మా, కోర్‌లు ఖాళీగా ఉన్నాయి, మెమరీ నుంచి డేటా అందట్లేదు." ప్రపంచంలో మొదటి ఎక్సాస్కేల్ (వెయ్యి పెటాఫ్లాప్స్ స్థాయి) యంత్రంగా 2022లో సూపర్ కంప్యూటర్ల టాప్500 జాబితాకెక్కిన ఫ్రాంటియర్‌కూ ఇదే ఇబ్బందట. లెక్కల వేగం కొలిచే లిన్‌ప్యాక్ పరీక్షలో ఒక ఎక్సాఫ్లాప్ దాటిన ఆ యంత్రం, మెమరీ మీద ఆధారపడే హెచ్‌పీసీజీ పరీక్షలో అందులో సుమారు ఒక శాతమే చూపించింది. ఇది పుస్తకంలో చదివితే ఇంతగా ఎక్కదు. తన సొంత జాబ్ ఆగిపోయాక విన్నది కాబట్టి ఆ అమ్మాయికి ఎక్కింది.

వైఫై మాత్రం ఘోరం. హాలంతా ఒకేసారి లాగిన్ కాగానే పడిపోయింది, చివరికి సెల్ హాట్‌స్పాట్లే గతి. భోజనం బాగుంది, ఉలవచారు రెండోసారి అడిగి వేయించుకున్నాం. విద్యార్థులకు ఫీజు సగమే, అది మంచి పని.

వెళ్లాలనుకునేవాళ్లు లినక్స్ కమాండ్లు కాస్త చేయి తిరిగేలా చూసుకుని, ఛార్జర్, సెల్‌లో సరిపడా డేటా పెట్టుకుని వెళ్లండి. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: ఈసారి ప్రారంభోత్సవాన్ని అరగంటలో ముగించి, మిగిలిన టైమ్‌లో మా కోడ్ మేమే తెచ్చుకుని నడుపుకునే వీలు ఇవ్వండి.