డైలీ ఫైనాన్సా, డ్వాక్రా అప్పా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం మొదలయ్యేసరికి చేపలమ్మే అక్కల చేతిలో డబ్బుండాలి. డైలీ ఫైనాన్స్ వాళ్లు అడిగిన వెంటనే ఇస్తారు. 10,000 అని రాసుకుని చేతిలో 9,000 పెడతారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి పోయేది వెయ్యే. కానీ అసలు రోజూ తీరుతూనే ఉంటుంది కదా, ఆ లెక్కన ఏడాదికి వడ్డీ 75 శాతం దాటుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు నిషేధం వల్ల మరబోట్ల వేట ఆగినా కిస్తీ మాత్రం ఆగదు.

డ్వాక్రాలో వడ్డీ చాలా తక్కువ, తాకట్టు అక్కర్లేదు. కాకపోతే మీటింగులు, తీర్మానాలు, సంతకాలు. రేపటి వేలానికి ఆ డబ్బు అందదు. అయినా నేను డ్వాక్రా వైపే. బ్యాంకు డబ్బు వచ్చేలోగా సంఘం పొదుపులోంచే చిన్న అప్పు తీసుకోవచ్చు. ఈ సంగతి ప్రతి అక్కకీ తెలియాలి.