కొత్త ఏడాదికి మెక్‌షేన్ బైబిలు పట్టిక: ఒడిశా సరిహద్దు ఇళ్లలో పనికొస్తుందా?

డిసెంబరు వచ్చిందంటే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు సంఘాల్లో ఏడాదికో బైబిలు వచనం ఇచ్చే వాగ్దాన కార్డులదే సందడి. కార్డు మంచిదే గానీ, ముందూ వెనకా తెలియని ఒక్క వచనం బైబిలు చదివే అలవాటు నేర్పదు. ఆ అలవాటు కావాలనుకునే కుటుంబానికి ఏడాదిలో బైబిలంతా చదివించే మెక్‌షేన్ పట్టిక నయం. స్కాట్లాండులోని డండీలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం రాసింది. పాతది కాబట్టి హక్కుల గొడవ లేదు, జిరాక్సు ఖర్చే.

రోజుకు నాలుగు భాగాలు. మొదటి రెండూ కుటుంబ ప్రార్థనలో, మిగతా రెండూ ఏకాంతంగా. జనవరి 1న ఇంట్లో ఆదికాండము 1, మత్తయి 1. ఒంటరిగా ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. అంటే 1,599 అధ్యాయాలు. అందుకే కొన్ని రోజులు ఒక భాగంలోనే రెండు చిన్న అధ్యాయాలు వస్తాయి.

దీని అసలు బలం లేవీయకాండము దగ్గర తెలుస్తుంది. వరసగా రోజుకు మూడు, ఆదివారం అయిదు అధ్యాయాలు చదివేవాళ్లు జనవరి చివర్లోనే అక్కడికి చేరి, బలుల లెక్కల్లో ఊపిరాడక ఫిబ్రవరిలో వదిలేస్తారు. ఇక్కడ అది మార్చి ఆఖరికి గానీ రాదు. వచ్చినా ఆ రోజుల్లో పక్కన కీర్తనలు, సామెతలు ఉంటాయి.

సరిహద్దు ఇళ్లలో చిక్కు వేరే. మామ్మకు తెలుగు అక్షరాలే వచ్చు. ఒడియా మీడియం పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. కుటుంబ భాగాలు రెండు కావడం ఇక్కడ కలిసొస్తుంది. ఒకటి పెద్దవాళ్లు తెలుగు బైబిల్లోంచి, రెండోది పిల్లలు ఒడియా బైబిల్లోంచి పైకి చదవాలి. పుస్తకాల వరస రెండింట్లోనూ ఒకటే. ఏకాంత భాగానికి పిల్లలకు తెలుగే కావాలంటే యూవెర్షన్ బైబిలు యాప్‌లో ఆడియో పెట్టండి. నెట్ సరిగా అందని కొండ ఊళ్లలో మాత్రం కాగితమే దిక్కు.

అచ్చులో జాగ్రత్తపడాల్సినవి ఉన్నాయి. పుస్తకాల పేర్లు మరీ కుదించిన పట్టిక తీసుకోవద్దు: “యో.” అంటే యోహానా, యోబా, యోవేలా, యోనానా? ఏ పుస్తకమో తెలిసేటన్ని అక్షరాలైనా ఉండాలి. 365 వరసలను ఏ4 ఒకే వైపు ఇరికిస్తే పెద్దలకు కనబడదు. ఏ3 తీయించండి, లేదా నెలకో కాగితం. ఒడియా డీటీపీ షాపుల్లో తెలుగు ఫాంట్లు ఉంటాయని నమ్మకం లేదు. వర్డ్ ఫైలు ఇస్తే అక్షరాలు చెదిరి గుర్తుపట్టలేకుండా రావచ్చు. ఫాంట్లు లోపలే ఉన్న పీడీఎఫ్ తీసుకెళ్లండి, ఒక కాపీ చూశాకే మిగతావి కొట్టించండి.

లోపం? నాలుగు భాగాలు కొత్తవాళ్లకు ఎక్కువే. ఆ సంగతి మెక్‌షేన్‌కూ తెలుసు. మొక్కుబడి చదువు, స్వనీతి, అజాగ్రత్త, మోయలేని కాడి అని నాలుగు ప్రమాదాలు ఆయనే రాసిపెట్టాడు. ఆ పేజీ లేకుండా పట్టిక ఒక్కటే పంచితే మందు సీసా ఇచ్చి మోతాదు చెప్పనట్టే. కొత్త విశ్వాసులకు మొదటి ఏడాది కుటుంబ భాగాలు రెండే చాలు. మిగతావి రెండో ఏడు.

శిష్యత్వం అంతా పట్టికే నేర్పేస్తుందనుకోవద్దు. టిక్కులు పెట్టడం సులువు. వారానికోసారి ఇద్దరు కూర్చుని, ఏం చదివాం, అర్థంకానిదేది, ఈ వారం దేన్ని పాటించాం అని ఒకరినొకరు అడిగితేనే టిక్కుకు విలువ. అరగంట చాలు, ఇద్దరికీ ఒకే తేదీ భాగాలు కాబట్టి మాట కలుస్తుంది.

వెనకబడితే పాత బాకీ తీర్చే పనిలో పడొద్దు. పదిహేను రోజులు తప్పితే ముందున్నవి అరవై భాగాలు. అక్కడే చాలామంది పట్టిక మడిచేస్తారు. ఈరోజు తేదీ భాగం చదివేయండి, తప్పినవాటికి పెన్సిల్‌తో సున్నా చుట్టండి. కొత్త నిబంధన, కీర్తనలు ఎలాగూ ఇంకోసారి వస్తాయి. సున్నాల్లో ముందు చదవాల్సింది పాత నిబంధనవే.