టోలుయిన్‌కీ కలరా ఉండలకీ ఒకే కొలతా? బాష్ప పీడనం కొలిచే పద్ధతుల్లో ఏది మేలు

తిరుపతిలో మే నెల మధ్యాహ్నం మా ల్యాబ్ స్టోర్ రూమ్ తలుపు తీస్తే, ఏ సీసా మూత సరిగ్గా బిగించలేదో ముక్కే చెప్పేస్తుంది. ముక్కు చెప్పేదాన్ని అంకెల్లో పెట్టేదే బాష్ప పీడనం. మూసిన సీసాలో పదార్థం ఆవిరై, ఇక పెరగని స్థితికి వచ్చాక ఆ ఆవిరి చూపే ఒత్తిడి అది. గాలిలోకి ఎంత చేరుతుంది, అంటుకునే ప్రమాదం ఉందా అనే లెక్కలు ఇక్కడే మొదలవుతాయి.

రసాయనాల పరీక్షలకి అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ ఇచ్చిన మార్గదర్శకం 104లో దీన్ని కొలిచే పద్ధతులు చాలా ఉన్నాయి. మరిగించి కొలిచే పద్ధతి అందరికీ తెలిసిన సూత్రమే, ఆవిరి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమైతే ద్రవం మరుగుతుంది: తిరుమల కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాకపోతే అది బాష్ప పీడనం వెయ్యి పాస్కల్స్ (ఒత్తిడికి కొలమానం) పైన ఉన్నవాటికే. మా ల్యాబ్‌లో విద్యార్థులు తేల్చుకోలేక అడిగేది మాత్రం స్టాటిక్ పద్ధతా, గ్యాస్ సాచురేషన్ పద్ధతా అని.

స్టాటిక్‌లో పదార్థాన్ని మూసిన పాత్రలో పెట్టి, గాలంతా పంపుతో లాగేసి, మిగిలిన ఆవిరి ఒత్తిడిని మానోమీటర్‌తో, అంటే ఒత్తిడి కొలిచే పరికరంతో, నేరుగా చదువుతాం. పెయింట్ థిన్నర్లలో వాడే ద్రవం టోలుయిన్‌కి నేను కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను. 25 డిగ్రీల దగ్గర దాని విలువ సుమారు 3.8 కిలోపాస్కల్స్, హాయిగా చదవొచ్చు. అంటే మూసిన డ్రమ్ములో గాలిలో దాదాపు 3.7 శాతం టోలుయిన్ ఆవిరే ఉంటుంది. అంటుకోవడానికి 1.2 శాతం చాలు.

అదే పరికరంలో కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్ పెడితే? 25 డిగ్రీల దగ్గర దాని విలువ సుమారు 11 పాస్కల్సే. స్టాటిక్ పద్ధతికి మొత్తం ఒత్తిడే కనబడుతుంది, అది ఎవరిదో తెలీదు. కాస్త గాలి మిగిలినా, శుద్ధి చేసినప్పటి సాల్వెంట్ జాడ ఉన్నా ఆ 11 ఎటో కొట్టుకుపోతుంది. ఒకసారి మా దగ్గర అలాగే జరిగి, రెండు రోజుల పని వృథా అయింది.

గ్యాస్ సాచురేషన్‌లో నైట్రోజన్‌ని పదార్థం మీదుగా మెల్లగా పంపి, అది మోసుకొచ్చిన ఆవిరిని పట్టి, మిశ్రమంలోని పదార్థాలని విడదీసి చూపే క్రొమాటోగ్రాఫ్‌లో కొలుస్తాం. అక్కడ గ్రాఫు మీద నాఫ్తలీన్ శిఖరం వేరు, మలినం శిఖరం వేరు. అందుకే ఆవిరి తక్కువ వచ్చే పదార్థాలకి నా ఓటు దీనికే. ఓపిక కావాలి, రోజులు పడుతుంది. నైట్రోజన్ వేగం మార్చి మళ్లీ చూడాలి. విలువ మారకపోతేనే అది నిజంగా నిండా ఆవిరిని తీసుకున్నట్టు.

ఇంత శ్రమ దేనికంటే, 11 పాస్కల్స్ చిన్న అంకె కాదు. గాలి కదలని బీరువాలో అది పది లక్షల పాళ్లలో సుమారు 110 పాళ్ల వరకు చేరగలదు. పనిచేసే చోట అమెరికా పెట్టిన హద్దు 10 పాళ్లు. పట్టుచీరల మధ్య పెట్టే ఉండల మాట ఇది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పసిపిల్లలకి ఆ బట్టలు చుడితే రక్తకణాలే చిట్లిపోవచ్చు.

పద్ధతి ఏదైనా ఒక్క విషయంలో నేను రాజీపడను. రిపోర్టుల్లో 20 లేదా 25 డిగ్రీల విలువే రాస్తారు. టోలుయిన్ 20 డిగ్రీల దగ్గర 2.9 కిలోపాస్కల్స్ అయితే, 40 దగ్గర 7.9. మన ఎండలకి ఆ స్టోర్ రూమ్ ఉండేది 40లోనే. అందుకే కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో కొలిచి, అందులో 40ని చేర్చి, ఆ విలువనే సీసా మీద అతికించమంటాను.