ఏటీఆరా, క్యూ400ఆ: చక్రం మొరాయిస్తే ఏది మేలు?

మా పెద్దమ్మ హైదరాబాద్ వెళ్ళాలి, మనవరాలి ఓణీల ఫంక్షన్. మధురపూడి (మా రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి టికెట్ తీద్దామని ఫోన్ తెరిచానో లేదో "ఒరే అబ్బాయ్, ఫ్యాన్ల విమానమైతే నేను ఎక్కను గాక ఎక్కను, టీవీలో చూశాను కదా, చక్రం ఊడి కింద పడిపోయింది" అని కూర్చుంది. ఆవిడ చూసింది నిజమే. 2025 సెప్టెంబర్ 12న గుజరాత్‌లో కాండ్లాలో స్పైస్‌జెట్ వాళ్ళ క్యూ400 అనే ఫ్యాన్ల విమానం పైకి లేస్తుంటే బయటివైపు చక్రం ఒకటి ఊడి కింద పడింది, లోపలున్న ఎవరో కిటికీలోంచి ఫోన్లో తీసేశారు, ఇంక ఆ వీడియో తిరగని గ్రూపు లేదు. 75 మంది ప్రయాణికులతో ముంబైలో క్షేమంగా దిగిందన్న ముక్క మాత్రం మా పెద్దమ్మ దాకా రాలేదు.

సరే, అసలు సంగతేంటంటే ఆ వీడియోలోది క్యూ400, మనకి ఇక్కణ్ణుంచి హైదరాబాద్ వెళ్ళే ఫ్యాన్ల విమానం ఏటీఆర్ 72. రెండూ దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, రెక్క పైన, రెండు ఇంజిన్లు, ఒక్కోదానికి ఆరు రెక్కల ఫ్యాను. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకటి కొంగ, ఇంకోటి బాతు.

క్యూ400 కొంగ. దాని పెద్ద చక్రాల కాళ్ళు రెక్క కింద ఇంజిన్ డొప్పలోంచి కిందకి దిగుతాయి, రెక్కేమో పైన ఉంది కాబట్టి కాళ్ళు బాగా పొడుగు, రెండింటి మధ్య ఎడం 8.8 మీటర్లు. ఏటీఆర్ కాళ్ళు పొట్టకి అటూ ఇటూ బుగ్గల్లా ఉబ్బినట్టుంటాయే, వాటిల్లోంచి వస్తాయి, పొట్టివి, మధ్య ఎడం 4.1 మీటర్లే. అందుకే క్యూ400లో రెక్క దగ్గర కిటికీ పక్కన కూర్చుంటే చక్రం దిగడం, మడుచుకోవడం సినిమాలాగా కనిపిస్తుంది. ఏటీఆర్‌లో ఏమీ కనబడదు, కాళ్ళ కింద ధడ్ మని చప్పుడు, ఆ తర్వాత గాలి హోరు, అంతే.

ఇప్పుడు చెడిపోయిన కథలకొద్దాం. క్యూ400కి 2007 శని పట్టిన ఏడాది. మార్చి 13న జపాన్‌లో కొచ్చి ఎయిర్‌పోర్టులో (మన కేరళ కొచ్చి కాదండోయ్) ముక్కు చక్రం తలుపు తెరుచుకోక ముక్కు నేలకి రాసుకుంటూ దిగింది, అక్కడ ఉండాల్సిన బోల్టు ఒకటి లేదని తేలింది. సెప్టెంబర్ 9న డెన్మార్క్‌లో ఆల్బోర్గ్‌లో ఎస్ఏఎస్ అనే స్కాండినేవియా విమాన సంస్థ వాళ్ళ విమానం దిగగానే కుడి కాలు మడతపడింది. మూడు రోజులకి లిథువేనియాలో విల్నియస్‌లో వాళ్ళదే ఇంకోటి, అదే కుడి కాలు. అక్టోబర్ 27న కోపెన్‌హాగన్‌లో మళ్ళీ. ఎవరూ చనిపోలేదు గానీ మర్నాడే ఎస్ఏఎస్ ఇంక ఈ విమానాలు మాకొద్దని మొత్తం 27 పక్కన పెట్టేసింది.

ఆల్బోర్గ్, విల్నియస్ రెండిటికీ కారణం చదివినప్పుడు నాకు మా చెరువు గుర్తొచ్చింది. కాలుని పైకి లాగే హైడ్రాలిక్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) ఉంటుంది, దాని రాడ్డు చివర మరలోకి బిగించిన ముక్క లోపల తుప్పు పట్టి ఊడొచ్చేసింది, దాంతో కాలు ఒక్క ఊపున కిందకి పడి లాక్ పడాల్సిన భాగం దెబ్బతింది. ఉప్పునీళ్ళ చెరువు చేసేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పోయినేడు మా ఏరేటరు (నీళ్ళలో గాలి కలిపే మిషను) రాత్రిపూట ఆగిపోతే మెకానిక్కుని లేపుకొచ్చాం, బోల్టు పైన రంగు కూడా చెదరలేదు, పానా పెట్టి ఒక్క తిప్పు తిప్పితే తల చేతిలోకొచ్చేసింది, లోపల మర ఉండాల్సిన చోట ఎర్రటి పొడి. పైన చూసి బాగుందనుకునే చోటే మోసం. కోపెన్‌హాగన్‌ది తుప్పు కాదు, లోపల ఊడిన చిన్న రబ్బరు రింగు ఒకటి ఆయిల్ వెళ్ళే కన్నానికి అడ్డం పడింది.

మరి ఏటీఆర్ పతివ్రతా అంటే అదీ కాదు. 2011 జులై 17న ఐర్లండ్‌లో షానన్‌లో ఈదురుగాలుల్లో ఏటీఆర్ 72 ఎగిరెగిరి పడి ముక్కు చక్రం విరగ్గొట్టుకుంది. 2013 ఫిబ్రవరి 2న రోమ్‌లో కూడా పక్కగాలిలోనే, ఎగిరి పడి కాళ్ళు పోగొట్టుకుని రన్‌వే దాటి గడ్డిలోకి పోయింది. తేడా గమనించారా, క్యూ400వి ఎక్కువ కాలు తనంతట తాను చెడిపోయిన కేసులు, ఏటీఆర్‌వి దింపడంలో తేడా వచ్చి కాలు విరిగిన కేసులు. బాతుకి కాళ్ళ మధ్య ఎడం తక్కువ కదా, పక్కగాలికి అది ఇబ్బందే, ఆ విషయంలో కొంగే నయం. అయినా నాకు తెలిసినంతలో చెప్తున్నా, ఈ లెక్కతో పీహెచ్‌డీ ఇమ్మని అడగట్లేదు.

హైడ్రాలిక్ పోయినా కాళ్ళు దింపే ఏర్పాటు రెండిటికీ ఉంది. ఏటీఆర్‌లో పైలట్ హ్యాండిల్ లాగితే పైన పట్టి ఉంచిన కొక్కేలు వదిలేస్తాయి, కాళ్ళు సొంత బరువుకి జారిపోతాయి. క్యూ400 పెద్ద కాళ్ళు వెనక్కి మడుచుకుంటాయి కాబట్టి దిగేటప్పుడు ఎదురుగాలికి ముందుకి రావాలి, అందుకని కొక్కెం వదిలాక చేతిపంపు కొట్టి లాక్ దాకా నెట్టాల్సి రావచ్చు. కాళ్ళు మూడూ లాక్ పడ్డాయని మూడు పచ్చలైట్లు వెలిగితే దిగడమే, వెలక్కపోతే టవర్ ముందునుంచి తక్కువ ఎత్తులో వెళ్ళి చూడమంటారు, ఇంధనం కాల్చుకుంటూ చుట్లు కొడతారు. చుట్లు కొడుతోందంటే పైలట్ తొందరపడట్లేదని అర్థం, దానికి కంగారు పడి ఫోన్లు తియ్యనక్కర్లేదు.

నన్నడిగితే అసలు భయపడాల్సింది చక్రానికి కాదు, ఫ్యానుకి. కాలు మడతపడితే ఆ పక్క రెక్క వాలుతుంది, తిరుగుతున్న ఫ్యాను నేలకి కొట్టుకుంటుంది, ముక్కలు లేస్తాయి. ఆల్బోర్గ్‌లో ఒక ముక్క లోపలికి దూసుకొచ్చింది. 2014 నవంబర్ 6న కెనడాలో ఎడ్మంటన్‌లో, పైకి లేచేటప్పుడు టైరు పేలిన క్యూ400 దిగేటప్పుడు కాలు మడతపడి మళ్ళీ అదే, బ్లేడు గోడ చీల్చుకుని సీట్ల దగ్గరికొచ్చింది. ఇక్కడ బాతుకి మార్కులెక్కువ వేస్తా, పొట్టి కాలు పోతే పడే ఎత్తు తక్కువ, పొట్ట నేలకి దగ్గరే. ఫ్యాను తగలదని కాదు, కొంగ ఒంటికాలి మీద ఒరిగినంత కాదని.

జెట్ ఎయిర్‌బస్‌కైతే ఈ ఫ్యాను గొడవే లేదు. 2005లో లాస్ ఏంజిల్స్‌లో ఏ320 ముక్కు చక్రం అడ్డంగా తిరిగిపోయి నిప్పులు కక్కుకుంటూ దిగినా అందరూ నడిచి దిగారు. 2024 డిసెంబర్ నుంచి మధురపూడికి ముంబై, ఢిల్లీల నుంచి ఎయిర్‌బస్‌లు వస్తున్నాయి, కానీ ఓణీల ఫంక్షన్‌కి ఢిల్లీ చుట్టి వెళ్ళలేం కదా. వందే భారత్ ఉంది, ఆరేడు గంటలు కూర్చోవాలి, మా పెద్దమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. ఏటీఆర్‌కి జరిగిన పెద్ద ప్రమాదాలు చక్రాలవి కావు. 2023 జనవరిలో పోఖరాలో రెండు ఫ్యాన్ల బ్లేడ్లూ విమానాన్ని ముందుకి తోయని కోణానికి తిరిగిపోయి నేపాల్ విమానం కూలింది. కాళ్ళు చూసి మొత్తం విమానానికి మార్కులు వెయ్యలేం, నేను వేస్తున్నది కాళ్ళకే. వేగంలో కొంగే ముందు, 660 కిలోమీటర్ల దాకా పోతుంది, బాతు 510 దగ్గరే ఆగుతుంది, కానీ హైదరాబాద్‌కి ఆ తేడా పది నిమిషాలు, అది రావులపాలెం దగ్గర ట్రాఫిక్‌లోనే పోతుంది.

ఏటీఆర్‌కే తీశాను. ఫ్యానుకి సరిగ్గా పక్కన పడే వరసలు వదిలేసి బాగా వెనక సీటు పెట్టా, ఏటీఆర్‌కి ఎక్కే తలుపు కూడా వెనకే, ఆవిడ నాలుగడుగులేస్తే చాలు. "దిగేముందు కాళ్ళ కింద ధడ్ మంటుంది పెద్దమ్మా, అది చక్రాలు దిగిన చప్పుడు" అని చెబితే కాసేపు ఆలోచించి "మరి అనకపోతే ఎవర్ని పిలవాల్రా?" అంది.