స్క్రిప్ట్ పోటీకి పంపాలా, కృష్ణానగర్‌లో కథ చెప్పాలా?

మంచి పోటీలో మనం ఎవరి తాలూకా అని అడగరు, కాగితం మీద ఉన్నదే చదువుతారు. 2018లో సినీస్థాన్ స్క్రిప్ట్ పోటీలో బిప్లబ్ గోస్వామి కథకి మొదటి బహుమతి రాలేదు. కానీ జ్యూరీలో ఉన్న ఆమిర్ ఖాన్ కంట్లో పడింది. అదే కిరణ్ రావు దర్శకత్వంలో ‘లాపతా లేడీస్’ అయింది. థియేటర్లకి వచ్చేసరికి మాత్రం 2024. పోటీ తలుపు తెరుస్తుంది గానీ తొందరపడదు.

హైదరాబాద్‌లో సినిమావాళ్ల అడ్డా అయిన కృష్ణానగర్‌లో నిర్మాతలకి కథ చెప్పడం వేరే విద్య. ఒకసారి ఒక ఆఫీసులో సోఫా అంచున కూర్చుని చెమటలు కక్కుతూ ఇంటర్వెల్ దాకా వచ్చాను. నిర్మాతగారు ఫోన్ మాట్లాడి వచ్చి, "ఇంతకీ హీరో ఎప్పుడొస్తాడమ్మా?" అన్నారు. హీరో వచ్చి అప్పటికే నలభై నిమిషాలైంది! గొంతు తడబడితే మంచి సీను కూడా తేలిపోతుంది. అయితే ఎక్కడ బోర్ కొట్టిందో ఎదుటివాళ్ల ముఖంలోనే కనిపిస్తుంది. పోటీకి పంపితే చాలాసార్లు "ఎంపిక కాలేదు" అన్న ఒక్క మెయిలే గతి.

భాష ఇంకో చిక్కు. ఆస్కార్ అకాడమీ కొత్త స్క్రిప్ట్ రచయితలకి 1986 నుంచి ఇస్తున్న నికోల్ ఫెలోషిప్‌కి స్క్రిప్ట్ ఇంగ్లిష్‌లో ఉండాలి. గోదావరి యాసలో నవ్వించే డైలాగు అక్కడ చప్పబడిపోతుంది.

మాటకారి అయితే, స్టార్ కోసం రాసిన మాస్ కథ అయితే కృష్ణానగరే మేలు. నాలాంటి మొహమాటస్తులకి, చిన్న కథలకి పోటీయే నయం. ఎటు వెళ్లినా ముందు రచయితల సంఘంలో కథ రిజిస్టర్ చేయించుకోండి.