మోయాబ్‌లో 1,850 డాలర్ల బిల్లు, 11 డాలర్ల గొట్టం

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి వేసుకుని యూటా వైపు వెళ్దామనుకునే మనవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదివి బయల్దేరండి. మోయాబ్‌లో ఒక గ్యారేజీ వాడు మా బావ దగ్గర దాదాపు రెండు వేల డాలర్లు గుంజబోయాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఎర్ర కొండల సంగతి తర్వాత, ముందు ఇదే.

బండి బావది. 1998 డాడ్జ్ రామ్ 1500, 5.2 లీటర్ల వి8 ఇంజన్. గ్యాలన్‌కి పన్నెండు, పదమూడు మైళ్లు ఇచ్చిందంటే ఆ రోజు మంచి మూడ్‌లో ఉన్నట్టు. డెన్వర్ నుంచి ఐ-70 మీద మోయాబ్‌కి సుమారు 355 మైళ్లు, దారంతా హాయిగా సాగింది, మా అక్క గొడవ తప్ప. గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ దాటాక ఏసీ గాలి ముఖానికి రావడం మానేసి మొత్తం ముందు అద్దానికే కొట్టడం మొదలుపెట్టింది. "ఏవండీ, అద్దానికి చల్లగా ఉందట, మనకే ఉడికిపోతోంది" అని అక్క గ్రాండ్ జంక్షన్ దాకా దెప్పుతూనే ఉంది. బావ వినపడనట్టు నడిపాడు. నా భార్య వెనక సీట్లో పులిహోర డబ్బా పట్టుకుని నిద్రపోయింది.

మోటెల్ రాత్రికి 189 డాలర్లు, పన్నులతో 214. అక్టోబర్‌లో అక్కడ రేట్లు అంతే, దానికి ఏడవను. కానీ బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అని రాసి, పొద్దున ఏడున్నరకే బ్రెడ్డు అయిపోయిందంటే ఎలా? రెండో రాత్రికి ఖాళీ చేసి హైవే 128 మీద కొలరాడో నది ఒడ్డున ప్రభుత్వ క్యాంప్‌సైట్‌కి మారిపోయాం. 20 డాలర్లు. నీళ్లు మనమే తెచ్చుకోవాలి, గుంట మరుగుదొడ్డి, అయినా ఆ మోటెల్ కంటే వంద రెట్లు నయం. మధ్యాహ్నానికే వెళ్తే చోటు దొరుకుతుంది, సాయంత్రం వెళ్తే ఆశ పెట్టుకోకండి.

ఆ పక్కనే ఆనియన్ క్రీక్ దారి. సన్నటి వాగు, దాన్ని ఇరవైకి పైగా చోట్ల దాటుకుంటూ లోపలికి పోవాలి. చూడ్డానికి చాలా బాగుంటుంది. ఒక ఒడ్డు దగ్గర మెత్తటి ఇసుకలో వెనక చక్రాలు దిగబడ్డాయి. బావ లివర్ 4హైకి, అంటే ఇంజన్ శక్తి నాలుగు చక్రాలకీ అందే స్థానానికి లాగాడు, నేను దిగి చూస్తే ముందు చక్రాలు కదలడం లేదు, వెనకవి మాత్రం గొయ్యి తవ్వుకుంటున్నాయి. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి, పారతో ఇసుక తీసి, అక్క స్టీరింగ్ పట్టుకుంటే ముగ్గురం నెట్టి బయటపడ్డాం. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు గ్యారేజీ. చూసినందుకు 95 డాలర్లు. బండి కింద టార్చి వేసి ఐదు నిమిషాలు చూశాడో లేదో, "ట్రాన్స్‌ఫర్ కేస్ పోయింది, మార్చాలి, 1,850, పార్ట్ రావడానికి రెండు రోజులు" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె. బావ కార్డు తీయబోతుంటే నేనే ఆపాను, ఎందుకంటే ఆ గ్యారేజీ వాడి మాటలో నాకు ఒకటి అతకలేదు. 4లోలో, అంటే నాలుగు చక్రాలకీ శక్తి అందే లో గేర్‌లో పెడితే ఇంజన్ గట్టిగా అరుస్తూ బండి నత్తలా పాకుతోంది. లో గేర్ పట్టాలంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పనిచేయాలి కదా! అదే అడిగితే "నాకు ముప్పై ఏళ్ల అనుభవం" అన్నాడు. అది నా ప్రశ్నకి జవాబు కాదు.

అక్కడి నుంచి స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాం. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన బండి మోడల్ విని రెండే ప్రశ్నలు అడిగాడు. 4హైలో పెట్టినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఫోర్ వీల్ లైటు వెలుగుతోందా? ఏసీ గాలి ఎటు కొడుతోంది? అక్క నా వెనక నుంచి "అద్దానికే!" అని అరిచింది. ఆయన నవ్వి, బ్యాటరీ కింద చూడండి అన్నాడు.

సంగతి ఏంటంటే, ఆ తరం రామ్‌లో ముందు ఇరుసు కుడివైపు రెండు ముక్కలుగా ఉంటుంది. లివర్ లాగగానే ఇంజన్ వాక్యూమ్‌తో, అంటే ఇంజన్ గాలి పీల్చే బలంతో పనిచేసే చిన్న మోటారు ఒక కాలర్‌ని (ఉంగరం లాంటి ముక్కని) జరిపి ఆ రెండు ముక్కల్నీ కలుపుతుంది. కలవకపోతే ముందు డిఫరెన్షియల్‌కి (శక్తిని రెండు పక్కల చక్రాలకీ పంచే గేర్లకి) వచ్చిన శక్తంతా ఆ విడిగా ఉన్న ముక్కని ఊరికే తిప్పడానికే పోతుంది, రెండో వైపు చక్రానికి కూడా ఏమీ అందదు. లైటు స్విచ్ ఉండేది ఇరుసు మీదే, కాబట్టి లైటు రాలేదంటే ముందు అనుమానించాల్సింది కాలర్‌ని, ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కాదు. ఏసీ గాలిని ఎటు పంపాలో మార్చే తలుపులు కూడా వాక్యూమ్‌తోనే కదులుతాయి, వాక్యూమ్ కారిపోతే గాలి అద్దం వైపుకే పోతుంది.

పార్కింగ్‌లోనే పరీక్ష చేశాం. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఇరుసు మోటారు దగ్గర రెండు గొట్టాలు పీకి వేలు పెట్టి చూడాలి. 2హైలో (వెనక చక్రాలకే శక్తి అందే మామూలు స్థానంలో) ఒకటి పీల్చాలి, 4హైలో రెండోది పీల్చాలి. మాకు రెండూ చచ్చి ఉన్నాయి. అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోతే, బ్యాటరీ ట్రే కింద యాసిడ్ కారి గొట్టం జిగురులా మెత్తబడి తెగిపోయింది. కొత్త వాక్యూమ్ గొట్టం, జిప్ టైలు కలిపి 11 డాలర్ల 40 సెంట్లు. ట్రేని బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, గొట్టాన్ని బ్యాటరీకి దూరంగా తిప్పి కట్టాం. స్టార్ట్ చేయగానే గాలి ముఖానికి కొట్టింది. 4హైలో పెట్టి నాలుగు అడుగులు కదిలించగానే లైటు వెలిగింది. బావ అప్పుడు నోరు తెరిచాడు: "ఒరేయ్, ఆ 95 డాలర్లు వెనక్కి అడుగుదామా?"

ఆ నమ్మకంతో కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులో షేఫర్ ట్రయల్ అనే మట్టి దారి దిగాం. కారుకి 30 డాలర్లు, టికెట్ వారం రోజులు చెల్లుతుంది. దాదాపు 1,500 అడుగులు కొండ అంచున మెలికలు తిరుగుతూ దిగాలి, 4లోలో దిగితే బ్రేకు మీద కాలు పెట్టే పనే పెద్దగా ఉండదు. వాన పడితే మాత్రం వెళ్లకండి. అక్కడ బండి ఆగితే తీసుకురావడానికి టోయింగ్ వాళ్లు వెయ్యి డాలర్లకి పైనే తీసుకుంటారు. షేఫర్‌కి విడిగా పర్మిట్ అక్కర్లేదు, వైట్ రిమ్ రోడ్డుకైతే కావాలి. కింద నుంచి పొటాష్ రోడ్డు పట్టుకుంటే పొటాష్ ఉప్పు ఆరబెట్టే నీలం చెరువులు చూసుకుంటూ మోయాబ్ చేరొచ్చు. పులిహోర అక్కడే తిన్నాం, మూడో రోజుది, అయినా ఎవరూ వంక పెట్టలేదు. తారు రోడ్డు ఎక్కగానే 2హైకి మార్చేయండి, ఇలాంటి బండ్లని పొడి తారు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే గేర్లు బిగుసుకుపోతాయి.

డెన్వర్ తిరుగు దారిలో గ్యారేజీ దగ్గర ఆగాం. బావ తెగిన గొట్టం ముక్క కౌంటర్ మీద పెట్టి డబ్బు అడిగాడు. చూసిన ఫీజు వెనక్కి ఇవ్వరట, బోర్డు మీద రాసి ఉందట. నిజమే, తలుపు వెనకాల చిన్న అక్షరాల్లో రాసే ఉంది.