“మీ జుట్టే వీక్ మేడమ్” అని చేతులు దులుపుకున్నారు: కెరటిన్ ట్రీట్‌మెంట్‌కి వెళ్లేవాళ్లు ముందు ఇది చదవండి

దువ్విన ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా తెగే జుట్టు, గాలిలో కాస్త చెమ్మ ఉంటే చాలు ఉబ్బిపోయే జుట్టు ఉన్నవాళ్లు ఎవరైనా కెరటిన్ స్మూతనింగ్‌కి (మందు రాసి, వేడి ఐరన్‌తో లాగి జుట్టును నున్నగా, తిన్నగా చేయడం) అపాయింట్‌మెంట్ తీసుకుని ఉంటే దయచేసి ఒక్కసారి ఆగండి. నాకు జరిగింది మీకు జరగకూడదనే రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు, కాబట్టి మాటలు కొంచెం గట్టిగానే ఉంటాయి.

సెలూన్ పేరు రాయడం లేదు. వాళ్ల బిఫోర్, ఆఫ్టర్ వీడియోలు మీ ఫోన్లలోనూ తిరుగుతున్నాయి, ఏదో మీకే తెలిసిపోతుంది. నా జుట్టు గురించి రెండు ముక్కలు: సన్నటి వెంట్రుకలు, వంకీలు తిరిగి ఉంటాయి, కింది సగంలో పాత బ్లీచ్ ఉంది, చివర్లు చిట్లాయి. వాళ్ల ప్రకటనలో “తెగిన జుట్టుకు ప్రోటీన్ నింపుతాం, లోపలి నుంచి రిపేర్ చేస్తాం” అని ఉంది. సరిగ్గా నాలాంటి వాళ్లను ఉద్దేశించి రాసిన మాటలే అవి.

కుర్చీలో కూర్చోగానే అన్నీ చెప్పాను. నా జుట్టు ఊరికే తెగుతుంది, బ్లీచ్ చేసిన భాగం ఇక్కడి దాకా ఉంది, ముందు లోపల ఒక చిన్న పాయ మీద టెస్ట్ చేసి చూడండి అన్నాను. ఆ అమ్మాయి నా పేరు మీద ఒక కార్డు తీసి అందులో “డ్రై, వీక్, బ్రేకేజ్” అని రాసుకుంది. శ్రద్ధగా వింటోందని సంతోషించాను. టెస్ట్ మాట ఎత్తగానే మాత్రం “అవసరం లేదు మేడమ్, ఇది కెమికల్ కాదు, ప్రోటీన్” అంది. ఇలాంటి మందుల్లో ఉండే ఘాటైన, హానికరమైన రసాయనం ఫార్మాల్డిహైడ్ ఉందా అని అడిగాను. “లేదు మేడమ్, మాది ఫార్మాల్డిహైడ్ ఫ్రీ.” సీసా చూపించమంటే అప్పటికే గిన్నెలో పోసేశామన్నారు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. మందు రాశాక డ్రయ్యర్‌తో పైపైన ఆరబెట్టారు. లోపలి పాయలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి, మెడకు తగులుతుంటే నాకే తెలుస్తోంది. ఆ విషయం చెప్పాను. “ఐరన్ పెడితే ఆరిపోతుంది మేడమ్” అంది. ఐరన్ మీద 230 డిగ్రీలు కనబడుతోంది. మొదటి పాయకి పెట్టగానే చుయ్‌మని చప్పుడు, తెల్లగా ఆవిరి. ఆ వెంటనే కళ్లు భగ్గున మండాయి, గొంతులో గరగర. పక్క కుర్చీలో ఉన్నావిడ కూడా దగ్గడం మొదలుపెట్టింది. నాకు ఐరన్ పెడుతున్న అమ్మాయి తన మొహం పక్కకు తిప్పుకుని చేస్తోంది. రోజూ ఆ పొగలోనే నిలబడుతుంది కదా, ఆమె మీద నాకు జాలి కూడా వేసింది. ఆమెకూ ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు.

ఒక్కో పాయ మీద అదే వేడితో మళ్లీ మళ్లీ లాగారు. ఎడమ చెవి వెనక పాయకి వచ్చేసరికి దువ్వెనతో పాటు జుట్టు ఊడి వచ్చింది. రాలిన జుట్టు కాదండీ, తెగిన జుట్టు. రాలిన వెంట్రుకకు ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది, అది కుదురు. రోజుకు 50 నుంచి 100 దాకా అలా రాలడం మామూలే. నా ఒళ్లో పడినవాటిలో దేనికీ ఆ బొడిపె లేదు. అన్నీ వేలెడంత ముక్కలు. ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూశాను. తెగిన చోట తెల్లటి చుక్క, ఆ చుక్క దగ్గర రెండు చీపుర్లను ఎదురెదురుగా గుచ్చినట్టు పీచులు విడిపోయి ఉన్నాయి. నేను అది చూస్తుండగానే ఆ అమ్మాయి నేల మీద పడిన ముక్కల్ని కాలితో మెల్లగా కుర్చీ కిందకి నెట్టేసింది. అద్దంలో నాకు కనిపించింది. అప్పుడు ఆపమన్నాను.

మేనేజర్ వచ్చాడు. జుట్టు వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. నా కార్డు తెప్పించుకుని, “వీక్, బ్రేకేజ్” అన్న లైన్ మీద వేలు పెట్టి నాకు చూపించాడు. “చూడండి మేడమ్, ఇది మీరే చెప్పారు. మీ జుట్టే వీక్. వీక్ జుట్టు తెగుతుంది. మా ట్రీట్‌మెంట్‌కి సంబంధం లేదు.”

ఆ మాట నన్ను జుట్టు తెగినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. నేను జాగ్రత్త కోసం చెప్పిన మాటను వాళ్లు తమను కాపాడుకోవడానికి రాసి పెట్టుకున్నారు. బలహీనమైన జుట్టు అని ముందే తెలిస్తే ఏం చేయాలి? వేడి తగ్గించాలి, టెస్ట్ చేయాలి, లేదా “మీకు ఇది పడదు, చేయము” అని పంపేయాలి. ఇవేవీ చేయకుండా, అందరికీ పెట్టే వేడే నాకూ పెట్టి, చివరికి నేను చెప్పిన నిజాన్నే నా ముందు సాక్ష్యంగా పెడతారా? ఒక డాక్టరుకి ఈ మందు నాకు పడదని చెబితే అదే మందు ఇచ్చి, “పడదని మీరే చెప్పారుగా” అనగలడా? ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు: “బాండ్ రిపేర్ ప్యాకేజీ ఉంది, మీకు డిస్కౌంట్ ఇస్తాం.” చేతిలో తెగిన జుట్టు పట్టుకుని నిలబడిన మనిషికి ఇంకో ప్యాకేజీ అమ్మబోయాడు.

జుట్టు కడిగించుకునేటప్పుడు బేసిన్ పక్క అరలో ఆ సీసా కనబడింది. ఫొటో తీసుకున్నాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో “ఫార్మాల్డిహైడ్ ఫ్రీ”. వెనక వైపు చిన్న అక్షరాల జాబితాలో “మెథిలీన్ గ్లైకాల్”. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఫార్మాల్డిహైడ్‌ని నీళ్లలో కలిపితే అది ఎక్కువగా ఈ రూపంలోనే ఉంటుంది. ఐరన్ వేడి తగలగానే మళ్లీ ఫార్మాల్డిహైడ్‌గా మారి ఆవిరితో పాటు గాల్లోకి వస్తుంది. నా కళ్లు మండింది అందుకే. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మొదటి గ్రూపులోనే పెట్టింది. ఈ లేబుల్ మోసం కొత్తదేమీ కాదు. 2010లో అమెరికాలోని ఒరెగాన్‌లో సెలూన్ సిబ్బంది ముక్కు నుంచి రక్తం, ఊపిరి ఇబ్బంది అని చెబితే, అక్కడి కార్మిక భద్రతా విభాగం ఈ స్మూతనింగ్ మందులను పరీక్ష చేయించింది. “ఫార్మాల్డిహైడ్ ఫ్రీ” అని రాసి ఉన్న సీసాల్లో కూడా అది బయటపడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే మాట చెప్పి అమ్ముతున్నారు.

“మాది కొత్త ఫార్ములా, అందులో గ్లయాక్సిలిక్ యాసిడ్ మాత్రమే” అని చెప్పేవాళ్లూ ఉన్నారు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక 26 ఏళ్ల యువతి కేసు వచ్చింది. ఆమె మూడు వేర్వేరు సంవత్సరాల్లో స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీములో ఉన్నది ఈ యాసిడే. అది చర్మం గుండా లోపలికి వెళ్లి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలుగా మారుతుందని డాక్టర్లు ఎలుకల మీద కూడా పరీక్షించి చూపించారు. కాబట్టి ఒక పేరు లేదన్నంత మాత్రాన సరిపోదు, దాని బదులు ఏముందో కూడా అడగాలి.

ఇక జుట్టు ఎందుకు తెగింది అన్నది. చెమ్మగా ఉన్న వెంట్రుక మీద అంత వేడి పెడితే లోపలి నీరు అక్కడికక్కడే మరిగి ఆవిరవుతుంది. బయటికి వెళ్లే దారి లేక వెంట్రుక లోపలే బుడగలు కడుతుంది. చర్మ వైద్యులు దీన్ని బబుల్ హెయిర్ అంటారు. బుడగ ఉన్న చోట వెంట్రుక గుల్లబారి పుటుక్కున తెగుతుంది. నేను విన్న ఆ చుయ్‌మనే చప్పుడు అదే. బ్లీచ్ చేసిన జుట్టులో క్యూటికిల్ అనే పై పొర అప్పటికే లేచిపోయి ఉంటుంది, నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అందుకే తేమకు ఉబ్బేదీ అదే, ముందు తెగేదీ అదే. నా జుట్టు వీక్ అన్నది నిజమే. దాన్ని చెమ్మ ఆరకుండా కాల్చింది మాత్రం వాళ్లే.

ప్రోటీన్ నింపి రిపేర్ చేస్తామన్న మాట కూడా నమ్మకండి. మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుక ప్రాణం లేనిది, దానికి గాయం మానడం అంటూ ఉండదు. కెరటిన్ పేరుతో రాసేది చాలావరకు పైన పూత. ఈ స్మూతనింగ్‌లో జుట్టు తిన్నగా నిలబడటానికి అసలు కారణం ఫార్మాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్ రసాయనమూ, ఐరన్ వేడీ కలిసి వంకీ లేకుండా బిగించేయడం. చిట్లిన చివరను అతికించే మందు ఏదీ లేదు, కత్తిరించుకోవడమే. జుట్టు పెరిగేది నెలకు సుమారు ఒక సెంటీమీటరు. చెవి వెనక తెగిన ఆ పాయ మళ్లీ మిగతా జుట్టుతో కలవాలంటే ఎన్నాళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి. లెక్కేసినప్పుడల్లా నాకు ఏడుపొస్తోంది.

వెళ్లక తప్పదనుకునేవాళ్లు ఇవి చూసుకోండి. సీసాను మీ ముందే తెరవమనండి, వెనక జాబితా ఫొటో తీసుకోండి. ఫార్మాల్డిహైడ్, ఫార్మాలిన్ (నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడే), మెథిలీన్ గ్లైకాల్, గ్లయాక్సిలిక్ యాసిడ్, ఏది కనబడినా లేచి వచ్చేయండి. మెడ వెనక ఒక పాయ మీద టెస్ట్ చేయకుండా మొదలుపెడితే ఒప్పుకోకండి. తడి వెంట్రుకను రెండు వేళ్లతో మెల్లగా లాగితే కొంచెం సాగి వెనక్కి రావాలి. లాగిన కొద్దీ సాగుతూ పోయి తెగితే ఆ జుట్టుకు ఏ ట్రీట్‌మెంటూ వద్దు. ఇదివరకు జుట్టు తిన్నగా చేయడానికి రిలాక్సర్ మందు గానీ రీబాండింగ్ గానీ చేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పండి. సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న రిలాక్సర్, థయోగ్లైకొలేట్ ఉన్న రీబాండింగ్ మందు ఒకే జుట్టు మీద పడితే తెగడం ఖాయం. మీరు చెప్పిన ప్రతి మాటా కార్డులో రాస్తారు కదా, “టెస్ట్ అడిగారు, మేము చేయలేదు” అని కూడా రాయించండి. రాయబోమని అంటే అక్కడే ఆపేయండి.

ఇంట్లో చేసుకునేవి చాలామందికి తెలిసినవే, అయినా చెబుతున్నాను. నేను ఇప్పుడు వేడి పూర్తిగా మానేశాను. తలస్నానానికి ముందు కొబ్బరి నూనె పట్టిస్తున్నాను. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ పోకుండా తగ్గిస్తుందనీ, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ అలా చేయలేవనీ 2003లో వచ్చిన పరిశోధనలో ఉంది. కండిషనర్ ఉన్నప్పుడే పెద్ద పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీస్తున్నాను. టవల్‌తో రుద్దకుండా పాత కాటన్ బట్టతో అద్దుతున్నాను. తడి జుట్టు పొడి జుట్టు కంటే తేలిగ్గా తెగుతుంది, బిగించి ముడి వేయకండి. మాడు మీద మంట, పుండ్లు ఉన్నా, జుట్టు కుదుళ్లతో సహా ఊడుతున్నా పార్లర్‌కి కాదు, చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

తెగిన జుట్టును ఒక కవర్‌లో వేసి పెట్టాను. బిల్లు, సీసా ఫొటో, చెవి వెనక పాయ ఫొటో అన్నీ ఉన్నాయి. నా కార్డు కాపీ ఇవ్వమని అడిగితే “అది మా ఇంటర్నల్ రికార్డు” అన్నారు. నా వెంట్రుకల గురించి, నా నోటి మాటతో రాసిన కార్డు అది. రాతపూర్వకంగా అడుగుతూ ఉత్తరం పెట్టాను. ఇదే చోట చేయించుకుని ఇలాగే తెగినవాళ్లు ఉంటే మీ బిల్లులు పారేయకండి, నాకు చెప్పండి, ఫిర్యాదు కలిసి పెడదాం.